కేరళ ప్రయాణము: ఒక సంవాదము

2018 మే మాసాంతమున, విజయవాడ సత్యనారాయణపురములో మా ఎదురింటి వసారామీద, ఒక అక్కకును ఆమె తమ్మునికిని నడచిన వాదము, ఒక కుటుంబపు వేసవి ప్రయాణమును గూర్చి మొదలై, పోనుపోను అంతకంటె పెద్ద విషయముల జోలికి పోయినది గావున, దానిని వీలైనంతవఱకు వారి మాటలలోనే ఇచ్చట పొందుపఱచుచున్నాను. అక్క ప్రభుత్వాసుపత్రిలో చిరకాలము నర్సుగా పనిచేసి విశ్రాంతి పొందినది. మాట తక్కువ, చూపు ఎక్కువ. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. రైళ్ల వేళలను ఇతరులు పద్యములను కంఠస్థము చేసినట్లు కంఠస్థము చేసినవాడు. జూన్ మొదటివారపు ప్రయాణమునకై, రిజర్వేషను తెఱచిన ఉదయముననే, అనగా అప్పటి నియమము ప్రకారము 120 దినములకు ముందే, ఇంటిల్లిపాదికి, తల్లితోను పిల్లలతోను కలిపి ఆఱుగురకు, థర్డు ఏసీ టిక్కెట్లు తీసియుంచెను. కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళము చేరుట, అలెప్పీలో హౌస్‌బోటుపై ఒక రాత్రి, గురువాయూరులో తల్లి మ్రొక్కు తీర్చుట, ఆపై కోజికోడు మీదుగా వయనాడు కొండలెక్కి, ఎడక్కల్ గుహలు చూచి, మైసూరున దిగి ఇంటికి వచ్చుట: ఇది ఆతని పథకము. ఇంతలో, కోజికోడు జిల్లా పేరాంబ్ర సమీపమున ఒకే ఇంట ఒకరి వెనుక ఒకరుగా పోవుచున్నవారిని పొట్టన బెట్టుకొనుచున్నది నిపా వైరసని పరీక్షలలో తేలెనని వార్త వచ్చినది.

తమ్ముడు: అక్కా, ఆ టెలివిజను కట్టివేసి ఈ పటమును ఒక్కమాఱు చూడుము. జబ్బు పుట్టినది పేరాంబ్ర దగ్గఱి పల్లెలో. సోకినవారు కోజికోడు, మలప్పురము జిల్లాలవారు. మన రైలు పాలక్కాడు కనుమ దాటి త్రిశ్శూరు మీదుగా ఎర్నాకుళము చేరునే గాని కోజికోడు ముఖమైనను చూడదు. అలెప్పీ అచ్చటికి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. రాజమహేంద్రవరమున ఒక వీధిలో జ్వరము వచ్చినదని బెజవాడలో పెండ్లి ఆపుకొందుమా? వయనాడు మాట నీవు చెప్పకమునుపే విడిచితిని. మిగిలినదానిని మానుకొనుటకు నాకు హేతువు కనబడదు.

అక్క: వయనాడు విడుచుట ఏమంత త్యాగమురా? అచ్చట మనకెవ్వరికిని మ్రొక్కు లేదు. ముందు ఈ జబ్బు సంగతి నీకెంత తెలియునో చెప్పుము.

తమ్ముడు: తెలిసినంత చెప్పెదను. పండ్లు తిను పెద్ద గబ్బిలముల దేహమున ఈ వైరసు, వానికేమియు కీడు చేయక, కాపురముండును. 1998-99లో మలేషియాలో అది గబ్బిలములనుండి పందులకును, పందులనుండి పెంపకందార్లకును సోకి నూఱుమందికి పైగా చనిపోయిరి. అచ్చటి సుంగై నిపా యను పల్లె పేరే దీనికి నిలిచినది. బంగ్లాదేశములో ఈతచెట్లకు కట్టిన ముంతలలో రాత్రివేళ గబ్బిలములు నోరుపెట్టుటచే, తెల్లవాఱి ఆ పచ్చిరసము త్రాగినవారికి సోకుచున్నది. మనము పండ్లు కడిగి, తొక్కతీసి తిందము, కాటుపడినదానిని ముట్టము, కల్లు మన ఇంట ఎవ్వరును త్రాగరు. ఇంక భయమెచ్చట?

అక్క: నీవు గబ్బిలముతోనే ఆగిపోతివి. గబ్బిలము మొదటి రోగిని చేయును. తక్కినవారిని చేయునది ఆసుపత్రి. 2001లో సిలిగురిలో 66 మందికి సోకి 45 మంది పోయినపుడు, వారిలో పెక్కుమంది ఆసుపత్రులలో పనిచేయువారును, రోగులను చూడవచ్చినవారును. ఇప్పుడు కోజికోడులో జరుగుచున్నదియు అదియే. మొదటి కుఱ్ఱవాడు మే 5వ తేదీన పోయినాడు; అప్పటికది ఏ జబ్బో ఎవ్వరికిని తెలియదు. తాలూకా ఆసుపత్రిలో ఉంచిరి. అచ్చటనుండి మెడికల్ కాలేజికి తీసికొనిపోయిరి. ఆ నడవలలో, ఆ స్కానింగు గది వాకిట, వేఱు రోగులకు అన్నము తెచ్చినవారు, పరుపు పట్టినవారు, ప్రక్కనుండి పోయినవారు, అతని పేరైన నెఱుగనివారు, ఆ దగ్గు తుంపరలలో నిలుచుండిరి. పేరాంబ్రలో అతనికి సేవచేసిన లిని యను నర్సు మే 21న తెల్లవాఱకమునుపే పోయినది. ఇద్దఱు పసిబిడ్డలు. దేహమును ఇంటికైనను తీసికొనిపోనీయక దహనము చేసిరి.

తమ్ముడు: ఆమె సంగతి చదివి నాకును కన్ను చెమర్చినది. కాని ఆమె తన విధి నెఱవేర్చుచు ఆసుపత్రిలో ఉన్నది. మనము పడవలో కూర్చుండి కొబ్బరిచెట్లు చూతుము. ఏ ఆసుపత్రి గడపయు తొక్కము.

అక్క: తొక్కమని నీవెట్లు చెప్పగలవు? చిన్నవానికి దూరప్రయాణము చేసిన ప్రతిమాఱు ఒడలు వెచ్చబడునా, లేదా?

తమ్ముడు బదులు పలుకలేదు. ఆ పిల్లవాని ప్రయాణపు జ్వరము మా వీధిలో అందఱెఱిగినదే. తిరుపతికి పోయివచ్చినను మూడవనాడు వాడు దుప్పటి కప్పుకొనును.

అక్క: జ్వరము, తలనొప్పి, వాంతి, దగ్గు. నిపా మొదటి దినములలో ఇంతకంటె వేఱు ముఖముతో రాదు. గొంతునుండి, రక్తమునుండి నమూనా తీసి మణిపాలుకో, పుణెకో పంపి, బదులు వచ్చువఱకు ఆ పిల్లవానిని వేఱు గదిలో పెట్టవలెను. గదిలోనికి పోవు ప్రతి మనిషియు గౌను, మాస్కు, చేతితొడుగులు వేసికొని, వెలుపలికి వచ్చి వానిని పాఱవేయవలెను. ఆ గదియు, ఆ గౌనులును, ఆ నర్సు కంటినిద్రయు, నిజముగా జబ్బుపడినవాని కొఱకు ఉంచినవి. మన వాని రైలుజ్వరము వానిని తినివేయును. నీవు ‘మనకు జబ్బు సోకునా’ యని లెక్క వేయుచున్నావు, సోకదనియే నేననుకొనుచున్నాను. మనవలన వారికి పని పెరుగునా యని నేను లెక్క వేయుచున్నాను.

ఇచ్చట తమ్ముడు లేచి లోపలికి పోయి సెల్‌ఫోను తెచ్చెను. బ్యాంకులో లెక్క తప్పిన గుమాస్తాకు రసీదు చూపునట్లుగా దానిని అక్క ముందుంచెను.

తమ్ముడు: ఇది నా మాట కాదు, నీ మాట కాదు, కేరళ ఆరోగ్యశాఖవారి ప్రకటన. రాష్ట్రములో ఎచ్చటికైనను ప్రయాణించుట క్షేమమేనని స్పష్టముగా ఉన్నది. మఱింత జాగ్రత్త కోరువారు కోజికోడు, మలప్పురము, వయనాడు, కన్నూరు అను నాలుగు జిల్లాలను మానుకొనవచ్చునని మాత్రమే చెప్పినారు. అలెప్పీ ఆ నాలుగింటిలో లేదు, ఎర్నాకుళము లేదు, గురువాయూరున్న త్రిశ్శూరు జిల్లాయు లేదు.

అక్క: ఆ రెండు వాక్యములలో నీవు మొదటిదానిని చదువుచున్నావు. అతిథులవలన బ్రదుకు రాష్ట్రము, ‘మా ఇంటికి రావలదు’ అని నోరార చెప్పగలదా? ఎంత చెప్పగలదో అంత చెప్పినది. తక్కినది వినువాడు గ్రహించుకొనవలెను. గురువాయూరునుండి మలప్పురము జిల్లా పొలిమేర ఎంత దూరమో పటములో నీవే చూడుము. అమ్మ నిలుచుండు వరుసలో ముందున్నవారు ఏ ఊరివారో, వెనుకనున్నవారు ఏ ఇంటినుండి వచ్చిరో ఏ ప్రకటన చెప్పును?

తమ్ముడు: ఇదిగో, భయమునకు ఈ వరుస ఒకటి దొరికిన చాలు, ఎంత దూరమైనను పోవును. నీ తర్కమున గురువాయూరు త్యాజ్యమైన, దానిని ఆనుకొన్న ఎర్నాకుళము త్యాజ్యము. ఎర్నాకుళమునుండి వచ్చు రైలులో కూర్చుండువాడు త్యాజ్యుడు. ఆ రైలు ఆగు బెజవాడ స్టేషను త్యాజ్యము. 1994లో సూరతులో ప్లేగు వచ్చినదని దేశదేశములు మన విమానములను ఆపినవి. మన సరకులను వద్దన్నవి. టెట్రాసైక్లిను బిళ్లలు మందుల దుకాణములలో మాయమైనవి. పోయినవారు యాభై పైచిలుకు. ఆ భయముచేత కూడు పోయినవారి లెక్క ఎవరును వేయలేదు. సూరతు మరమగ్గములపై బ్రదుకు మన తెలంగాణమువారిని అడుగుము, చెప్పుదురు. ఇప్పుడు పేరాంబ్రలో ఏమి జరుగుచున్నదో నీ టెలివిజనులోనే చూచితివి గదా. ఆ ఆసుపత్రి నర్సులు ఎక్కిన బస్సులో ప్రక్క సీటువారు లేచిపోవుచున్నారట, ఆటోవాండ్రు ఎక్కించుకొనరట, కోజికోడు శ్మశానములో శవమును కాల్చుటకే నిరాకరించిరట. వారిది మోటు భయము, మనది చదువుకొన్నవారి నాజూకు భయము. టిక్కెట్టు రద్దుచేసికొనుట యనగా, లిని ఊరివారిప్రక్క సీటునుండి మనము లేచిపోవుటయే. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొందుమా?

సత్యము చెప్పవలెనన్న, ఆ సాయంకాలము విన్న మాటలన్నిటిలో నన్ను కలవరపెట్టినది ఇదియే. జాగ్రత్తకును వెలికిని మధ్యనున్న గీత మిక్కిలి సన్ననిది. దానిని దాటినవాడు తాను దాటితినని యెన్నడును ఒప్పుకొనడు. అక్కయు వెంటనే బదులు చెప్పలేదు.

అక్క: నీవన్నదానిలో సగము నిజము. ఆ నర్సు బస్సెక్కిన నేను ఆమె ప్రక్కనే కూర్చుందును. ఆమెకు జ్వరము లేదు గనుక, జ్వరము లేనిదే ఇది ఒకరినుండి ఒకరికి పోదు గనుక, ఆమె ఇంటికి చేరవలసిన మనిషి గనుక. కాని ఆమె బస్సు ఎక్కుట బ్రదుకుతెరువు. నా పడవప్రయాణము బ్రదుకుతెరువు కాదు. అచ్చట ఉండక తప్పనివారిని వెలివేయుట పాపము. అచ్చట ఉండనక్కఱలేని నేను దూరముండుట వెలి యెట్లగును? సూరతు సంగతి చెప్పితివి. అచ్చట కీడు చేసినది రానివారు కాదు. జ్వరముతో ఆసుపత్రి విడిచి రైళ్లలో పాఱిపోయినవారు. మనుష్యులు కదలినకొలది జాబితా పెరుగును. ఇప్పుడు కోజికోడులో వారు చేయుచున్న పని ఏమనుకొన్నావు? ప్రతి రోగియు ఎవరెవరిని కలిసెనో, ఏ బల్లమీద కూర్చుండెనో అడిగి వ్రాసికొని, ఆ ఒక్కొక్కరికి ప్రతిదినము ఫోను చేసి, ‘నేడు జ్వరమున్నదా’ యని అడుగుచున్నారు. నాలుగునుండి పదునాలుగు దినములలో లక్షణములు పొడచూపును. ఇరువదియొకటవ దినమువఱకు కనిపెట్టుకొని యుందురు. మన ఆఱుగురు ఆ జాబితాలో ఎక్కినచో, వారు బెజవాడకు ఫోను చేయవలెను. బడి తెఱచిన మొదటి వారమున పిల్లలను ఇంట కట్టివేయవలెను.

తమ్ముడు: రోడ్డు ప్రమాదములలో ఈ దేశమున ఏటా లక్షన్నర మంది దాకా పోవుచున్నారు. నిపాలో ఇంతవఱకు పోయినవారు పదిమందికి కొంచెము పైన. కారెక్కి ఏలూరు పోవునపుడు నీవీ మాటలు చెప్పవు.

అక్క: రోడ్డు ప్రమాదము నాతోపాటు ఆటో ఎక్కి సత్యనారాయణపురము రాదు.

ఈ వాక్యముతో వాదము ముగిసెనని నేననుకొంటిని. కాని లెక్కలయందు ప్రీతిగలవాడు అంత సులభముగా లొంగునా? పడవవానికి పంపిన బయానా, వేసవిలో నాలుగు రూపాయలు చూచుకొను హోటలువారు, అరటిపండ్లు కొనువారు లేక కుళ్లుచున్న బండ్లు, కేరళ పండ్లు వద్దను గల్ఫు దేశములు, అన్నియు అతడు ఏకరువు పెట్టెను. అక్క వినెను. విని, ‘బయానా తిరిగి అడుగకుము’ అనెను. ‘సొమ్ము పోవచ్చును, మనుష్యులు పోనక్కఱలేదు. ఆ పడవవానితో, జబ్బు తగ్గినపిమ్మట వత్తుమని చెప్పి, ఆ సొమ్ము ఆతనియొద్దనే ఉంచుము. నీవు చెప్పిన వారి కడుపులమీద నీకంత దయయున్న, దయకు రైలు టిక్కెట్టు అక్కఱలేదు.’

ఇచ్చట నా మాట ఒకటి చెప్పవలసియున్నది. ఆ యేడు ఆ జబ్బు అలెప్పీకి రాలేదు, ఎర్నాకుళమునకు రాలేదు. ఆ సంవత్సరపు కోజికోడు, మలప్పురము మరణములు ప్రభుత్వపు లెక్కలో 17తో ఆగిపోయినవి. సోకినవారిలో ఇద్దఱు బ్రదికి బయటపడిరి. జూన్ మాసాంతమునకు ఆ జిల్లాలు నిపా లేనివని ప్రకటించిరి. ‘చూచితివా, పోయియున్నను ఏమియు కాకపోయెడిది’ అని తమ్ముడు అటుపిమ్మట పెక్కుమాఱులు అనెను. ఫలితమును చూచి నిర్ణయమును తూచుట నాకు సమంజసముగా తోచదు. ఆ జబ్బు ఆగినది దానంతట అది కాదు. రెండువేలమందికి పైగా మనుష్యుల పేర్లు వ్రాసికొని, వారిని దినదినము కనిపెట్టి, అనుమానపడిన ప్రతి జ్వరమును వేఱుచేసి చూచినవారి శ్రమచేత ఆగినది. ఆ శ్రమ ఫలించిననాడు, అసలు అపాయమే లేకుండెనని మనకు తోచును; ప్రజారోగ్యపు కొలువులో ఉన్నవారికి ఈ అపకీర్తి తప్పదు. ఐనను తమ్ముని పక్షమున ఒకటి చెప్పక తప్పదు: అక్క చెప్పిన హేతువు జబ్బు పేరును బట్టి గాక, దాని నడకను బట్టి నిలుచునది. అదే హేతువును విచక్షణ లేనివాడు చేతబట్టినచో, తమ్ముడన్నట్లు బెజవాడ స్టేషనుదాకా పోగలదు.

తల్లి అప్పటికి చాలసేపటినుండి ద్వారబంధము నానుకొని వినుచుండెను. ఆమె కలుగజేసికొనునని ఇద్దఱును అనుకొనలేదు.

తల్లి: మీరిద్దఱును ‘తగ్గినపిమ్మట’, ‘వచ్చే సెలవులకు’ అనుచున్నారు. నాకు డెబ్బదియెనిమిది నిండినవి. వచ్చే సెలవులు మీకున్నవి, పిల్లలకున్నవి.

అక్క తల వంచుకొనెను. ఆమె వాదములో దీనికి స్థానము లేదు. ఆమె లెక్కలో జాగ్రత్తకు వెల అందఱకును ఒక్కటియే. వాయిదా పడిన ప్రయాణము పిల్లలకు ఒక వేసవి, ముదుసలికి ఒక ప్రయాణము. తమ్ముని ముఖమున గెలుపు పొడచూపుచుండగానే తల్లి మరల అనెను.

తల్లి: ఐనను, పోయివచ్చిన తరువాత చిన్నవానికి ఒడలు కాలిన, నా మ్రొక్కువలననే యని అనుకొనుచు నేను కూర్చుండలేను. ఏ జ్వరమో తెలియువఱకు వానిని వేఱు గదిలో పెట్టుదురని ఇది చెప్పుచున్నది గదా. నన్నా గదిలోనికి రానీయరు. టిక్కెట్లు తీసివేయించుము నాయనా.

అక్క మాటలలో ఆమె పట్టుకొన్నది ఆ గది ఒక్కటే. ఇండ్లలో పెద్ద నిర్ణయములు తఱచుగా ఇట్లే జరుగును: ఇరువురు తర్కించి అలసిన పిమ్మట, ఇరువురిలో నెవ్వరును ముఖ్యమనుకొనని ఒక్క ముక్క పట్టుకొని మూడవవారు తేల్చివేయుదురు.

తక్కినది కాగితపు పని. అప్పటి నియమము ప్రకారము, రైలు బయలుదేఱుటకు 48 గంటలకు ముందే రద్దుచేసినచో థర్డు ఏసీ టిక్కెట్టుకు మనిషికి 180 రూపాయలును దానిపై పన్నును మినహాయించుకొనెడివారు. ఆ గడువు దాటిన నాలుగవవంతు పోయెడిది. గడువునకు ఎంతయో ముందే, ఆ రాత్రియే, తమ్ముడు ఫోనులో ఆ పని ముగించెను. బయానా విషయమై పడవవానితో మాటాడినపుడు అతడు తెలుగు, తమిళము, ఇంగ్లీషు కలిపి, జూన్ అంతయు ఖాళీగా ఉన్నదనియు, ఎప్పుడు వచ్చినను ఆ సొమ్ము లెక్కలో చూపుదుననియు చెప్పెను. జూన్ మధ్యలో దసరా సెలవులకు మరల టిక్కెట్లు తీసిరి.

ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినవి. కొచ్చి విమానాశ్రయము నీట మునిగి మూతపడినది. అలెప్పీ చుట్టునున్న కుట్టనాడులో ఇండ్లు నీటిలో నిలిచినవి. నాలుగువందలకు పైగా జనము పోయిరి. నీరు తీయగానే ఎలుకజ్వరము తలయెత్తినది. సెప్టెంబరులో ఆ వసారామీదనే మఱియొక వాదము నడచినది. ఈమాఱు పోవలదన్నవాడు తమ్ముడు, పోవలెనన్నది అక్క.

తమ్ముడు: మేలో నిపా యని ఆపితివి. ఇప్పుడు ఎలుకజ్వరము ఉన్నదని పత్రికలు వ్రాయుచున్నవి. అప్పటి న్యాయము ఇప్పుడేమైనది?

అక్క: ఎలుకజ్వరము మురుగునీటిలో చెప్పులు లేక తిరుగువానికి వచ్చును, ముందుగా వేసికొనుటకు డాక్సీసైక్లిను బిళ్లయున్నది, అచ్చట ఇంటింటికి పంచుచున్నారు, మనిషినుండి మనిషికి అది పోదు. నిపాకు మందు లేదు, టీకా లేదు. ఆనాడు మనము పోయిన వారికి బరువు. ఇప్పుడు పోకున్న వారికి కూడు లేదు. న్యాయము అదియే, నీవే లెక్క త్రిప్పి వేయుచున్నావు.

దసరా సెలవుల తొలిదినములలో వారు పోయివచ్చిరి. తల్లి మ్రొక్కు తీర్చుకొనెను. పడవవాడు అన్నమాట ప్రకారము బయానా లెక్కలో చూపెను; అక్టోబరు ధర వేఱని మాత్రము ముందుగా చెప్పలేదు. చిన్నవానికి ఎప్పటివలెనే మూడవనాడు జ్వరము వచ్చినది. జూన్ టిక్కెట్లకు రైల్వేవారు కోసికొన్న సొమ్ము అక్క ఖాతాలో వ్రాయవలెనా, తన ఖాతాలో వ్రాసికొనవలెనా యని తమ్ముడు ఇప్పటికిని అప్పుడప్పుడు అడుగుచుండును.